ఆకులు నీలంగా ఎందుకున్నాయి? ఒక పాత డచ్చి పూలబొమ్మ కథ

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్ళకి వినపడుతోందా? సరే. నన్ను పిలిచినప్పుడు పాత డచ్చి చిత్రాల గురించి ఒక గంట మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం ఎత్తుకుంటే నాకే దారి తప్పుతుంది, అందుకని ఒక్క బొమ్మ పట్టుకుని మాట్లాడతాను. మధ్యలో ప్రశ్నలుంటే అడిగెయ్యండి, చివరిదాకా దాచుకోకండి.

ముందు నేనేం చేస్తానో చెప్పాలి. కాగితం మీద, తోలు మీద వేసిన పాత బొమ్మల్ని బాగుచేసే పని నాది, పేపర్ కన్జర్వేటర్ అంటారు. డాక్టర్ పని లాంటిదే, కాకపోతే మా పేషెంటు ఎక్కడ నొప్పో చెప్పదు, మేమే వెతుక్కోవాలి. ఈ పని నేర్చుకోవడానికి కొన్నేళ్ళు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నాను. అక్కడ మా వర్క్‌షాపుకి ఒక పెద్దాయన బ్రౌన్ కాగితంలో చుట్టిన ఫ్రేము ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. వాళ్ళమ్మ గారి బొమ్మట, హాల్లో కిటికీకి ఎదురుగా ఉండేదట. అద్దం లోపల బూజు కనపడుతోంది, తుడిచి ఇవ్వమన్నాడు. అంతే ఆయన అడిగింది.

తెర మీద చూడండి. రాతి అరుగు, దాని మీద పళ్ళు: ద్రాక్షగుత్తి, రెండు పీచ్ పళ్ళు, రేగుపళ్ళంతవి నాలుగు ప్లమ్స్. వెనక గాజు కూజాలో గులాబీలు, ఎర్రచారల తులిప్ ఒకటి, అరుగు అంచు మీద ఈగ. నీటిరంగులతో వేసింది, సంతకం లేదు. కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే హోనిగ్ అనే పేరు వాటర్‌మార్కుగా కనపడింది. హోనిగ్ కుటుంబం అంటే ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరాన జాన్ నది పక్కన గాలిమరలతో కాగితం చేసినవాళ్ళు, 18వ శతాబ్దంలో వాళ్ళ కాగితానికి మంచి పేరు. కాబట్టి కాలం సుమారుగా తెలిసింది. వేసిందెవరో తెలీదు, ఆ రోజుల్లో ఇలాంటివి వేసేవాళ్ళు ఊరికి పదిమంది ఉండేవారు.

ఇప్పుడు ఆకులు చూడండి. ఏ రంగులో ఉన్నాయి?

(సభలోంచి: నీలం.)

నీలమే. బూడిద కలిసిన నీలం. ద్రాక్షాకు నీలం, గులాబీ ఆకు నీలం, తులిప్ కాడ నీలం. పెద్దాయన నాతో ఏమన్నాడంటే, చిన్నప్పటి నుంచీ ఈ నీలం ఆకులంటే తనకి ఇష్టమట, చిత్రకారుడు రాత్రిపూట వెన్నెల్లో వేశాడని వాళ్ళమ్మ చెప్పేదట. నాకూ ఆ మాట నచ్చింది. తర్వాత ఫ్రేము విప్పాం.

ఫ్రేము కట్టే షాపుల్లో మౌంటు అంటారు కదా, బొమ్మకి చుట్టూ పెట్టే అట్ట చట్రం, అది తీశాం. ఎప్పుడో ఎవరో కట్టినవాడు చవకరకం అట్ట పెట్టాడు, ఆ అట్టలోని యాసిడ్‌కి బొమ్మ చుట్టూ గోధుమరంగు గీత కాలినట్టు పడింది. అది మాకు రోజూ చూసే రోగమే. కానీ కుడివైపు ఒక ద్రాక్షాకు కొన మౌంటు కింద దాక్కుని ఉంది, ఒక సెంటీమీటరు ఉంటుందేమో. ఆ కొన పచ్చగా ఉంది. ఉత్త పచ్చ కాదు, వానాకాలంలో కొత్తగా వచ్చిన ఆకు చూడండి, అలాంటి పచ్చ. గీతకి ఇవతల నీలం, అవతల పచ్చ. ఒకే ఆకు!

పెద్దాయన్ని పిలిచి చూపించాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెన్నెల కథ అక్కడితో అయిపోయింది.

జరిగిందేమిటో చెప్తాను. అప్పట్లో నీటిరంగుల పెట్టెలో మంచి పచ్చ ఉండేది కాదు. రాగి చిలుం నుంచి తీసే పచ్చ ఒకటుండేది కానీ అది కాగితాన్నే తినేస్తుంది, రెండొందల ఏళ్ళ తర్వాత ఆకు ఉండాల్సిన చోట కన్నం మిగులుతుంది. అందుకని ఎక్కువమంది నీలంలో పసుపు కలిపి పచ్చ చేసుకునేవారు, మనం స్కూల్లో చేసినట్టే. నీలం అంటే నీలిమందు, ఇండిగో. పసుపు అంటే మొక్కల నుంచి తీసిన రంగు. బక్‌థార్న్ అనే పొద కాయల నుంచో, వెల్డ్ అనే ఇంకో మొక్క నుంచో రసం తీసి, పటికా సుద్దా కలిపి ముద్ద చేసేవారు. దానికి డచ్చిలో స్ఖైట్‌ఖేల్ అని పేరు. పిల్లలున్నారు కాబట్టి మర్యాదగా చెప్తాను, విరోచనాల పసుపు అన్నమాట. (నవ్వులు) నవ్వకండి, ఆ బక్‌థార్న్ కాయలు తింటే నిజంగానే విరోచనాలవుతాయి.

ఈ పసుపు వెలుతురుకి ఆగదు. కొన్నేళ్ళు ఎదురుగా కిటికీ ఉంటే చాలు, పసుపు పోతుంది, కింద నీలం మిగులుతుంది. నీలిమందు కూడా పోతుంది, కాకపోతే నెమ్మదిగా. అందుకే ముందు ఆకు నీలంగా అవుతుంది, ఇంకో వందేళ్ళు అలాగే ఉంచితే బూడిదరంగు మరకలాగా అవుతుంది. మన బొమ్మ ఆ మధ్య మజిలీలో ఉంది.

1888లో ఇంగ్లండులో రస్సెల్, అబ్నీ అని ఇద్దరు ఈ విషయం తేల్చడానికే కూర్చున్నారు. రకరకాల నీటిరంగులు కాగితం పట్టీల మీద పూసి, గాజు గొట్టాల్లో పెట్టి, ఒక భాగం కప్పేసి మిగతాది ఎండలో వదిలేశారు. తర్వాత రెండు భాగాలూ పక్కపక్కన పోల్చారు. మన పెద్దాయన హాల్లో జరిగిందీ అదే, మౌంటు కప్పింది, ఎండ కాల్చింది, కాకపోతే రిపోర్టు రాసేవాళ్ళు లేరు. ఆ ఇద్దరి రిపోర్టు వచ్చాక కూడా జనం నీటిరంగుల బొమ్మల్ని కిటికీలకి ఎదురుగా కడుతూనే ఉన్నారు, అది వేరే సంగతి. ఇప్పుడు మ్యూజియాల్లో ఇలాంటి బొమ్మ మీద 50 లక్స్‌కి (వెలుతురుని కొలిచే లెక్క అది) మించి వెలుతురు పడనివ్వరు, అదీ కొన్ని నెలలే, తర్వాత పెట్టెలో పెట్టేస్తారు. అంత దూరం వెళ్ళి ఈ చీకటి గదేమిటని విసుక్కునే వాళ్ళని చూశాను నేను. ఇప్పుడు మీరు విసుక్కోరు.

(సభలోంచి: అది నీలిమందే అని ఎలా తెలిసిందండీ? వేరే నీలం కూడా కావచ్చు కదా?)

మంచి ప్రశ్న. కావచ్చు. 1700 దాటాక కొద్ది ఏళ్ళకి బెర్లిన్‌లో ప్రష్యన్ బ్లూ అని కొత్త నీలం పుట్టింది, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి యూరప్ అంతా పాకింది. రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. కానీ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో ఫొటో తీస్తే ప్రష్యన్ బ్లూ నల్లగా పడుతుంది, నీలిమందు అసలు కనపడదు, పారదర్శకంగా అయిపోతుంది. మేం ఫొటో తీస్తే స్క్రీను మీద గులాబీల చుట్టూ ఆకులన్నీ మాయం. పెన్సిలు గీతలు మాత్రం మిగిలాయి. ఈ తేడా మాకు చాలా ముఖ్యం, ఎందుకంటే ప్రష్యన్ బ్లూకి క్షారం తగిలితే గోధుమరంగుకి తిరుగుతుంది. మేం కాగితంలో యాసిడ్ తగ్గించడానికి వాడే నీళ్ళు క్షారం నీళ్ళే. తెలీకుండా ముంచామా, పని అయిపోతుంది.

ఇంకో విషయం, తెల్ల గులాబీ చూడండి, రేకు మీద నల్లమచ్చలు. అది పురుగు కాదు, బూజు కాదు. తెల్లరంగులో సీసం ఉంది, గాలిలోని గంధకం వాయువులు దానికి తగిలితే నల్లబడుతుంది. బొగ్గుపొయ్యిలూ గ్యాసుదీపాలూ ఉన్న ఇళ్ళల్లో ఇది మామూలే. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని చాలా కొద్దిగా, జాగ్రత్తగా అందిస్తే మళ్ళీ తెలుపుకొస్తుంది. ఈ ఒక్క రోగానికే మా దగ్గర కాస్త చూపించుకోదగ్గ వైద్యం ఉంది. పోయిన పసుపుకి మందు లేదు.

సరే, బొమ్మ వేసినవాడి వైపు వద్దాం. ఆయన పేరు తెలీదు కాబట్టి, అలాంటి పనే చేసిన ఇంకొకాయన గురించి చెప్తాను. నాకు చాలా ఇష్టమైన మనిషి. పేరు హెర్మన్ హెన్‌స్టెన్‌బర్గ్, 1667లో హోర్న్ అనే ఊళ్ళో పుట్టాడు, 1726లో చనిపోయాడు. వృత్తి ఏమిటో తెలుసా? పేస్ట్రీలు చేసే బేకరీ. ఆయనకి బొమ్మలు నేర్పిన గురువు యోహానెస్ బ్రోంక్‌హోర్స్ట్ కూడా పేస్ట్రీలు చేసేవాడే. అంటే హోర్న్‌లో ఆ రోజుల్లో మీరు కేకు కొనుక్కుని, ఆ షాపతన్నే బొమ్మ కూడా అడగొచ్చన్నమాట. మాది బందరు, మా ఊళ్ళో లడ్డూ చేసే చేత్తో ఇలాంటి పని చేసినవాళ్ళున్నారా అని ఆలోచించాను, నాకు తెలిసి లేరు.

హెన్‌స్టెన్‌బర్గ్ ఎక్కువగా కాగితం మీద కాదు, వెల్లమ్ మీద వేశాడు, అంటే సాపు చేసిన దూడ తోలు. తోలు రంగుని కాగితంలాగా పీల్చుకోదు, పైనే నిలుస్తుంది, అందుకని రంగు మెరుస్తుంది. కానీ రెండోసారి తడి కుంచె పెడితే కిందిది లేచొచ్చేస్తుంది. దానికి ఉపాయం ఏమిటంటే, కుంచె కొనతో చుక్కలు పెట్టుకుంటూ పోవడం, చుక్క పక్కన చుక్క. భూతద్దం పెట్టి చూస్తే పీచ్ పండు చర్మం అంతా చుక్కలే. ద్రాక్ష మీద పలచటి తెల్లపొర ఉంటుంది కదా, వేలితో తుడిస్తే పోయేది, అది కూడా వేశాడు, ఎవరో అప్పుడే ఒక పండు ముట్టుకున్నట్టు ఒక చోట ఆ పొర చెరిపినట్టుగా కూడా వేస్తారు వీళ్ళు. నీడలున్న చోట రంగులో బంక ఎక్కువ కలిపేవారు, నల్లద్రాక్ష తడిగా మెరవాలంటే అదే కిటుకు. ఆ బంక ఆఫ్రికా నుంచి వచ్చే గమ్ అరబిక్, మన తుమ్మబంకకి అక్క లాంటిది. చిన్నప్పుడు మనం పుస్తకాలకి అంటించుకున్నదాంతో వాళ్ళు ద్రాక్షపళ్ళకి మెరుగు పెట్టారు. న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆయన బొమ్మ ఒకటుంది, పుర్రె, పూలు, అన్నీ వెల్లమ్ మీదే. అమెరికాలో మీ పిల్లలెవరైనా ఉంటే వెళ్ళినప్పుడు అడిగి చూడండి. వెలుతురు గొడవ వల్ల ఎప్పుడూ బయట ఉండదు.

ఈ పూలగుత్తుల గురించి ఒక రహస్యం. అలాంటి గుత్తి ఎవరి ఇంట్లోనూ ఎప్పుడూ లేదు. తులిప్ ఏప్రిల్‌లో వస్తుంది, గులాబీ జూన్‌లో, ద్రాక్ష పండేసరికి ఎండాకాలం అయిపోతుంది. మరి ఒక కూజాలో ఎలా కూర్చున్నాయి? ఏ పువ్వు పూసినప్పుడు దాన్ని నీటిరంగులతో వేసి దాచుకునేవారు, గుత్తి కట్టాల్సి వచ్చినప్పుడు కట్ట విప్పి కావాల్సినవి ఏరుకునేవారు. మన వాళ్ళు మామిడికాయ సీజన్లో ఆవకాయ పెట్టుకున్నట్టు. ఈ పద్ధతికి ఒప్పుకోనివాడు యాన్ వాన్ హైసుమ్. 1682లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు, తన కాలంలో పూలబొమ్మలకి ఆయనకంటే పెద్దపేరు లేదు. పువ్వు ఎదురుగా ఉంటేనే వేస్తాననేవాడు. 1742లో బొమ్మ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకి ఉత్తరం రాశాడు, పచ్చ గులాబీ దొరకలేదు, అది దొరికితే బొమ్మ ఎప్పుడో పూర్తయ్యేదని. పచ్చ గులాబీ అంటే పసుపుపచ్చది లెండి, మన భాషలో ఈ చిక్కొకటి! లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆయన బొమ్మ మీద రెండేళ్ళూ రాసి ఉంటాయి, 1736, 1737 అని. పువ్వు కోసం ఆగితే అంతే మరి.

ఆయన ఇంకో రకం మనిషి కూడా. పని చేసుకునే గదిలోకి ఎవరినీ రానిచ్చేవాడు కాదు, రంగులు ఎలా కలుపుతాడో ఎవరైనా చూస్తారని భయం. శిష్యరికం ఇచ్చింది ఒక్క మార్గరెటా హావర్‌మన్ అనే అమ్మాయికే. అంత దాచుకున్నా, ఆయన రంగుల్లో కూడా కొన్ని ఆకులు ఈరోజు నీలంగానే ఉన్నాయి. రహస్యాన్ని దాచాడు కానీ ఎండ నుంచి పసుపుని దాచలేకపోయాడు.

తమాషా ఏమిటంటే, ఆయన బొమ్మ ఒకటి దొంగతనానికి పోయి కూడా ఇల్లు చేరింది. ఇటలీలో ఫ్లోరెన్స్ పిట్టీ ప్యాలెస్‌ది, రెండో ప్రపంచయుద్ధంలో 1944లో ఒక జర్మన్ సైనికుడు ఎత్తుకెళ్ళి ఇంటికి పంపాడు. అక్కడి వాళ్ళు 2019 మొదట్లో ఖాళీ చోట 'దొంగిలించబడింది' అని రాసిన ఫొటో వేలాడదీసి, ఆ ఏడాదే తిరిగి తెచ్చుకున్నారు. అది నూనెరంగు బొమ్మ, మన లెక్కలోకి రాదు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక్కడ ఆడవాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. ఇలాంటి బొమ్మలు వేయించినవాళ్ళలో, వేసినవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. ఆగ్నెస్ బ్లాక్ అని ఒకావిడ, వెఖ్ట్ నది పక్కన పెద్ద తోట, 1687లో ఆవిడ తోటలో అనాస కాసింది, యూరప్‌లో అనాస కాయించడం అదే మొదలని చెప్తారు. తోటలో ప్రతి మొక్కకీ నీటిరంగుల బొమ్మ వేయించింది, వేసినవాళ్ళలో ఆ ఇద్దరు బేకరీ మనుషులూ ఉన్నారు, మరియా సిబిల్లా మేరియన్ కూడా ఉంది. ఈ మేరియన్ 1699లో, 52 ఏళ్ళ వయసులో, కూతుర్ని వెంటపెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్ళి పురుగుల్నీ పూలనీ వేసుకొచ్చింది. ఆవిడ గురించి ఇంకోసారి పిలిస్తే పూర్తిగా చెప్తాను.

ఇప్పుడు నీలిమందు దగ్గరికి మళ్ళీ వద్దాం. హోర్న్ అన్నానా, ఆ ఊరు డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో ఒకటి. అక్కడి రేవు నుంచి ఓడలు బయల్దేరేవి. ఆ కంపెనీ 1602లో పుట్టింది, నాలుగేళ్ళు తిరగకుండానే మచిలీపట్నంలో కొట్టు పెట్టింది. మా బందరులో వలందపాలెం అని పేట ఉంది. వలందులు అంటే హాలండ్ వాళ్ళు. నేను ఆ పేట మీదుగా స్కూలుకెళ్ళాను, ఆ పేరు ఎవరిదో నాకు ఆమ్‌స్టర్‌డామ్‌లో తెలిసింది, అదీ నా చదువు! వాళ్ళు మన తీరం నుంచి తీసుకెళ్ళినవాటిలో ముఖ్యమైనవి బట్టలు, ఆ తర్వాత నీలిమందు. ఖమ్మం దగ్గర నాగులవంచలో కూడా వాళ్ళ గిడ్డంగి ఉండేది, అక్కడ నీలిమందు కొనేవారు.

అయితే ఆ పెద్దాయన బొమ్మలో నీలం మన నాగులవంచదేనా? అలా అనడానికి లేదు. గుజరాత్ నుంచి, జావా నుంచి, వెస్టిండీస్ నుంచి కూడా నీలిమందు వెళ్ళేది, రంగుగా మారాక ఏది ఏ ఊరిదో పరీక్షలకి అందదు. ఇక్కడ ఎవరైనా మైకు పట్టుకుని "డచ్చి చిత్రకళకి రంగు మనమే ఇచ్చాం" అంటే నమ్మకండి. నేను చెప్పేది అంతకంటే చిన్న విషయం, కానీ కళ్ళతో చూసింది.

ఆ రోజుల్లోనే నేను ఉత్తరాన లేవార్డెన్ అనే ఊళ్ళో ఫ్రీస్ మ్యూజియంకి వెళ్ళాను. అక్కడ సిట్స్ చాలా ఉంది. సిట్స్ అంటే మన తీరంలో చేత్తో పూలు వేసిన నూలుబట్ట, మనం కలంకారీ అనేదే. హిండెలోపెన్ అనే చిన్న ఊళ్ళో ఆడవాళ్ళు ఆ బట్టతో పొడుగు కోట్లు కుట్టించుకునేవారు, ఇంట్లో ఎవరైనా పోతే నీలం పూల కోటు వేసుకునేవారు. ఆ బట్టల ముందు నిలబడి చూస్తే, ఎర్రపూలు ఎర్రగానే ఉన్నాయి, అది చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసే ఎరుపు, కదలదు. తీగలూ ఆకులూ? నీలం. అన్నీ నీలమే!

కారణం అదే. మనవాళ్ళు కూడా పచ్చ కావాలంటే ముందు నీలిమందు పెట్టి, దాని మీద కుంచెతో పసుపు పూసేవారు. నీలం పోగు లోపలికి దిగి గట్టిగా పట్టుకుంటుంది, పసుపు పైపైన ఉంటుంది, ఉతుకులకీ ఎండకీ పోతుంది. ఇక్కడ కృష్ణా డెల్టాలో చాపమీద కూర్చుని గుడ్డ మీద ఆకు వేసిన మనిషికీ, అక్కడ హోర్న్‌లో పొయ్యి ఆర్పి వచ్చి తోలు మీద ఆకు వేసిన మనిషికీ ఒకే చిక్కు, ఒకే ఉపాయం, ఒకే విధంగా దెబ్బ. ఒకరి పని ఒకరికి తెలిసే అవకాశమే లేదు. ఆ బట్ట మీది పూలు మాత్రం డచ్చి వ్యాపారులు ఇచ్చిన నమూనాల ప్రకారం వేసినవి కూడా ఉన్నాయి.

(సభలోంచి: మరి ఆ పెద్దాయన బొమ్మకి పచ్చరంగు మళ్ళీ వేశారా?)

ఆయన కూడా అదే అడిగాడు. వేయలేదు. వేయకూడదు కూడా. మనం ఈరోజు కలిపే పచ్చ మనం ఊహించుకున్న పచ్చ అవుతుంది, పైగా తడి తగిలితే కింద మిగిలిన నీలం లేచిపోతుంది. బూజు తీశాం, నల్లమచ్చలు తగ్గించాం, యాసిడ్ లేని అట్టతో కొత్త మౌంటు కట్టాం. ఒక్క చోట మాత్రం మాలో మేం పోట్లాడుకున్నాం. మౌంటు కాస్త వెడల్పుగా కోస్తే ఆ పచ్చకొన బయటికి కనపడుతుంది, చూసేవాళ్ళకి అసలు రంగు తెలుస్తుంది. కానీ కనపడితే అదీ పోతుంది. మా టీచరు దాచమంది. నేను చూపించాలన్నాను, కుర్రతనం. ఆవిడ మాటే నెగ్గింది, ఇప్పుడడిగితే నేనూ దాచమనే అంటాను. పెద్దాయనకి పచ్చకొన ఫొటో తీసి ఇచ్చాం. ఫ్రేము వెనక అంటించుకున్నాడు. బొమ్మని హాల్లోంచి తీసి, మెట్ల కింద వెలుతురు పడని గోడకి మార్చుకుంటానన్నాడు.

ఇక కాఫీలకి లేచే ముందు, ఆ చివర బల్ల మీద ఒక పెట్టె ఉంది, అందులో మా అమ్మమ్మ గారి పాత దుప్పటి ముక్క పెట్టాను, పెడనలో వేసింది. అంచు మడత విప్పి ఉంచాను, మడత లోపల ఆకుల్ని, బయట ఆకుల్ని పోల్చి చూడండి. చేత్తో ముట్టుకోవద్దు. ఆ కిటికీ తెర కూడా తీయకండి బాబూ, ఉక్కగా ఉంటే ఫ్యాను పెంచుకోండి.